గాజు పెట్టెలో రాగి జుట్టు

మా ఎల్మ్‌ఫోర్డ్‌లో మందుల కొట్టు ఆంబ్రోస్ ఫెన్‌ది. మా వైపు మందుల కొట్లోనే సోడాలూ అమ్ముతారు; అవి కలిపే బల్ల మీద వాడొక గాజు పెట్టె పెట్టుకున్నాడు. లోపల నల్ల ముఖమల్ గుడ్డ, దాని మీద రాగి రంగు జుట్టు కుచ్చు. కింద అట్టముక్క మీద ముత్యాల్లాంటి అక్షరాలతో 'సోగ్గాడు డెల్ మార్కమ్ తల వెంట్రుకలు' అని రాశాడు. జనం దాన్ని చూస్తూ చెర్రీ సోడా తాగేవారు. పిల్లల్ని ఎత్తుకుని మరీ చూపించేవారు. నేను మాత్రం ఆ కొట్టు గడప తొక్కడం మానేశాను. తలనొప్పి మాత్ర కావాలన్నా పక్క ఊరు వెళ్ళి కొనుక్కునేదాన్ని.

ఆ డెల్ మార్కమ్ గురించి చెప్పేవాళ్ళు ఓక్లహోమాలో ఏ వీధి అరుగు మీదైనా దొరుకుతారు. వాడు ఎన్ని బ్యాంకులు కొట్టాడు, ఎలాంటి టోపీ పెట్టేవాడు, పక్కన కూర్చునే ఆడమనిషి ఏ రంగు గౌను వేసేది, అన్నీ నోటికొచ్చు వీళ్ళకి. సొంత తాత పేరు అడిగితే బుర్ర గోక్కుంటారు. నేను చెప్పబోయేది వాడి కథ కాదు. వాడి గురించి చెప్పాల్సి వచ్చినంత మేరకు ముక్కు మూసుకుని చెబుతాను. నా కథ ఓర్ఫా అత్తది.

ఓర్ఫా టిడ్వెల్ నిజానికి ఎవరికీ అత్త కాదు. పిల్లాజెల్లా లేరు. ఫ్లూ జ్వరం ఊళ్ళను ఊడ్చేస్తున్న ఏడాది మొగుడు పోయాడు. శవాన్ని ముట్టుకోవడానికి ఒక్కరూ గడప దాటి రాలేదు. ఆమే కడిగింది, ఆమే గడ్డం గీసింది, ఆమే ఉతికిన చొక్కా తొడిగింది. అది తెలిసి పక్కింటివాళ్ళు పిలిచారు, ఆ పక్కవాళ్ళు పిలిచారు. అలా ఊరందరి శవాలకూ ఆమె చేతులే దిక్కయ్యాయి, ఊరందరికీ ఆమె అత్తయింది.

పని చేస్తున్నంతసేపూ శవంతో మాట్లాడేది. "ఇటు తిరుగు నాయనా, చెయ్యి అలా బిగపట్టకు. నీళ్ళు గోరువెచ్చగానే ఉన్నాయిలే, ఉలిక్కిపడకు." మొదట్లో నాకు నవ్వొచ్చేది. తరవాత తరవాత, బతికున్నవాళ్ళతో ఎవరైనా అంత మర్యాదగా మాట్లాడితే బాగుణ్ణు అనిపించేది. ఆమెకు ఒక పట్టుదల ఉంది. చనిపోయినవాళ్ళది గుడ్డపేలికైనా తీసుకునేది కాదు. ఇంటివాళ్ళు శాలువా ఇచ్చినా, బూట్లు ఇచ్చినా, తల అడ్డంగా ఊపేది. ఒకసారి ఎవరో ముసలామె తలపిన్ను తన ఏప్రన్‌కు చిక్కుకుని ఇంటిదాకా వచ్చేసింది. ఎర్రటి ఎండలో మళ్ళీ అంత దూరమూ నడిచివెళ్ళి ఆ ముసలామె ముడిలో గుచ్చి వచ్చింది.

నాకివన్నీ ఎలా తెలుసంటే, హార్లన్ బిగ్స్ సామాన్ల కొట్లో నేను కుట్టుపని చేసేదాన్ని. మా వైపు మంచాలూ కుర్చీలూ అమ్మేవాడే శవపేటికలూ అమ్ముతాడు. ముందు గదిలో ఊగుడు కుర్చీలు, వెనక గదిలో పెట్టెలు. సోఫాల్లో గుర్రపు వెంట్రుకలు కూరడం, పెట్టెల లోపల తెల్లగుడ్డ కుట్టడం నా పని. శవాలు ఆ వెనక గదికే వచ్చేవి. ఓర్ఫా అత్తా అక్కడికే వచ్చేది.

ఆ రోజులు బాగాలేవు. దుమ్ము తుఫాన్లకు గోధుమ చేలు ఎగిరిపోయాయి, మిగిలిన నేలను బ్యాంకులు పట్టుకుపోయాయి. కాబట్టి బ్యాంకును ఎవడు దోచినా మావాళ్ళు చంకలు గుద్దుకునేవారు. డెల్ బీదల పాలిట దేవుడన్నారు. తనఖా కాగితాలు తగలబెడతాడన్నారు. ఎవరి కాగితం తగలబెట్టాడయ్యా, ఒక్కణ్ణి చూపించండి అంటే నోరు పెగలదు. వాడు చేసిందల్లా సూటు కుట్టించుకుని, కారు మీద కాలు పెట్టి ఫోటో దిగడం. ఆ ఫోటో ప్రతి పేపర్లోనూ వచ్చింది. అందుకే సోగ్గాడు అన్నారు. పేపర్లో ఫోటోలకు రంగులుండవు గనక వాడి జుట్టు నలుపో ఎరుపో ఎవరికీ తెలియదు. సూటు మాత్రం అందరికీ గుర్తుండిపోయింది.

ఇక ఎమ్మెట్ రడ్. పెద్ద రోడ్డు పక్కన పెట్రోలు పోసేవాడు. మా అందరి పాత బండ్లలోనూ పోసేవాడు. చెవుల దాకా దిగిన నూనె మరకల టోపీ లేకుండా వాణ్ణి చూసినవాళ్ళు ఊళ్ళో లేరు. కారు అద్దం తుడవకుండా ఎవర్నీ పంపేవాడు కాదు. అదే వాడి ప్రాణం మీదికి తెచ్చింది. ఆ వేసవిలో ఒక పొద్దున డెల్ కారు వచ్చి ఆగింది. ఎమ్మెట్ అలవాటుగా అద్దం తుడుస్తూ లోపల వెనక సీటు మీదున్న తుపాకుల వంక తేరిపార చూశాడట. డెల్ వాణ్ణి పొట్టలో కాల్చాడు. చేతిలో తడిగుడ్డ అలాగే ఉందట. ఇదీ బీదల పాలిట దేవుడి ప్రతాపం.

మర్నాడు తెల్లవారేసరికి ఎండిపోయిన వాగులో పోలీసులు డెల్‌ను కాల్చేశారు. ఊళ్ళో శవాలు పెట్టే చోటు ఒక్కటే కదా. చంపినవాణ్ణీ చచ్చినవాణ్ణీ ఒకే కప్పు కిందకు చేర్చారు.

పొద్దున్నే ఎమ్మెట్ పెళ్ళాం లియోటా వచ్చింది. నెలలు నిండుతున్న కడుపు, చంకలో పెళ్ళినాటి సూటున్న అట్టపెట్టె. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"అత్తా, ఆయన జుట్టు ఒక పాయ నాక్కావాలి" అంది.

"కత్తిరించుకోవే తల్లీ. కత్తెర తెచ్చావా?"

"తెచ్చాను గానీ ఇప్పుడొద్దు. వాళ్ళమ్మ రావాలి. ఆవిడ ఎదుటే కదా తీసుకోవాలి. పొలం నించి మధ్యాహ్నానికి తీసుకొస్తాను." అట్టపెట్టె బల్ల మీద పెట్టి, "మా ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటీ లేదత్తా. పెళ్ళప్పుడు తీయించుకుందామంటే, వచ్చే ఏడు చూద్దాంలేవే అన్నాడు. ఈ కడుపులోది రేపు నాన్న ఎలా ఉండేవాడే అని అడిగితే ఏం చూపించను? ఆ జుట్టు తప్ప నాకింకేం మిగిలింది?" అంది.

మా వైపు ఆచారమది. పెట్టె మూత వేసే ముందు ఇంటి ఇల్లాలు తన కత్తెరతో తానే ఒక పాయ తీసుకుని బైబిల్లో దాచుకుంటుంది. కన్నతల్లి బతికుంటే ఆవిడ ఎదుటే తీసుకోవాలి. పరాయి చెయ్యి తగలకూడదు.

"నువ్వెళ్ళి అత్తగార్ని తీసుకురా. వాడి తల నాకు వదిలెయ్. ఒక్క వెంట్రుక రాలనిస్తే నన్నడుగు" అంది ఓర్ఫా అత్త.

ఆమె ఆ రోజు చేసినంత శ్రద్ధగా ఆ పని ఎన్నడూ చేయలేదు. పెట్రోలు మరకలు పోయేదాకా వేళ్ళు ఒక్కొక్కటీ రుద్దింది. సూటు తొడిగింది. తల కడిగి పాపిడి తీసింది. టోపీ కింద అన్నేళ్ళూ దాక్కున్న జుట్టు రాగి చెంబు తోమినట్టు మెరిసింది. "ఒరేయ్ ఎమ్మెట్, ఇంత అందగాడివని ఎవరికీ చెప్పలేదేంట్రా" అంది. ఎండాకాలం కదా, మొహం నల్లబడకుండా వంటసోడా కలిపిన నీళ్ళలో తడిపిన గుడ్డ కప్పింది.

అవతల వెనక కొట్టంలో, మంచు దిమ్మల మీద డెల్ పడున్నాడు. వారాల తరబడి పొదల్లో దాక్కుని మాసిన గడ్డం, బురద కొట్టిన పనిబట్టలు, తాడుతో కట్టుకున్న ఒక బూటు. సోగ్గాడంటే అదీ. వేలిముద్రలు తీసేదాకా ఎవరూ ముట్టుకోవద్దని పోలీసులు కాపలా ఉన్నారు. ముద్రలు సరిగా పడాలని వేళ్ళ బురద కడగడానికి ఓర్ఫా అత్తనే పిలిచారు. ఆమె నీళ్ళ బకెట్ తీసుకుని కొట్టంలోకి వెళ్ళింది. నేను మేడ మీద ఎమ్మెట్ పెట్టెకు గుడ్డ కుడుతున్నాను.

అప్పటికే వీధి నిండిపోయింది. ఎక్కడెక్కడి జిల్లాల నించో వచ్చారు. బుట్టల్లో చికెన్ వేపుళ్ళు, చంకల్లో పసిపిల్లలు. తిరనాళ్ళకు వచ్చినట్టు వచ్చారు. బిగ్స్‌కు ఆశ పుట్టింది. ఇంతమంది తన కొట్టు తొక్కితే నాలుగు కుర్చీలైనా అమ్ముడుపోవా అని వాకిలి తీశాడు. "ఒక్కొక్కరే! తోసుకోకండి! ఆ కుర్చీ జాగ్రత్త!" అని అరుస్తున్నాడు. వాణ్ణి పక్కకు నెట్టేసి వెనక గదిలోకి తోసుకొచ్చారు.

అక్కడ వాళ్ళకు కనబడిందేమిటి? బల్ల మీద ఇస్త్రీ సూటు. నున్నగా దువ్విన తల. మొహం మీద గుడ్డ. ఇంకేం కావాలి? వీడే డెల్ అనుకున్నారు.

చప్పుడుకు నేను మెట్లు దిగి వచ్చేసరికి వాడి మీద మూగి ఉన్నారు. బోర్లించిన బెల్లం గిన్నె మీద ఈగలు కూడా అలా ముసరవు. ఒకడు కోటు గుండీలు కోస్తున్నాడు. ఒకడు బూటు లాగుతున్నాడు. ఒక పిల్లతల్లి పొట్ట మీది రక్తపు మరకకు చేతిరుమాలు అద్దుతోంది. పూల టోపీ పెట్టుకున్న ఒకావిడ బుల్లి కుట్టు కత్తెరతో చెవి పక్క జుట్టు కత్తిరిస్తోంది. ఇంట్లోంచి బయలుదేరేటప్పుడే ఆ కత్తెర సంచిలో వేసుకుందన్నమాట! నుదుటి మీది కుచ్చు కోస్తున్నది మా ఊరివాడే, ఆంబ్రోస్ ఫెన్.

"ఒరేయ్, అది ఎమ్మెట్‌రా! పెట్రోలు బంకు ఎమ్మెట్!" అని గొంతు చించుకున్నాను.

"చూశావా, మనకి దక్కకూడదని అబద్ధాలాడుతోంది. వీళ్ళే అమ్ముకుందామని" అంది పూల టోపీ ఆవిడ, కత్తిరించడం ఆపకుండానే.

ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు ఆ తడిగుడ్డ ఎత్తి చూడలేదు. మొహం ఎవరికి కావాలి?

పోలీసులు వచ్చి తరిమేసరికి అంతా అయిపోయింది. ఓర్ఫా అత్త తడిచేతులతో వెనక గది గుమ్మంలో నిలబడిపోయింది. గొర్రె ఉన్ని కోసినట్టు అక్కడొక గాటు ఇక్కడొక గాటు, తెల్లగా తోలు కనబడుతున్న తల వంక చూసింది. మొహం మీది గుడ్డ తీసింది. మొహం మాత్రం భద్రంగా ఉంది.

"నేనే ముస్తాబు చేశాను కదే. మురికిగా వదిలేసుంటే వాడి జోలికి ఎవరొచ్చేవాళ్ళు?" అంది నాతో.

మధ్యాహ్నం లియోటా అత్తగారి చెయ్యి పట్టుకుని వచ్చింది. గుడ్డలో చుట్టిన కత్తెర విప్పింది. ఎమ్మెట్ తల చూసింది. ఏడవలేదు. కత్తెరను మళ్ళీ అదే గుడ్డలో చుట్టి, "అత్తా, ఆయన టోపీ ఎక్కడుంది?" అంది. పెళ్ళి సూటు మీద నూనె మరకల టోపీ పెట్టి సాగనంపాం వాణ్ణి. చర్చిలో మగాడికి టోపీ ఏమిటని పెద్దలు గొణిగారు. వాళ్ళలో ఇద్దరి జేబుల్లో వాడి గుండీలున్నాయి.

ఆ వారమంతా లియోటా ఇంటికి వంటకాలు వచ్చాయి. చావింటికి వండి పంపడం మాకు పెద్ద మర్యాద. పీచ్ పైలు, ఉప్పుమాంసం, బంగాళాదుంపల కూర. రక్తంలో రుమాలు ముంచిన చేతులే పిండి కూడా పిసికాయి. ఓర్ఫా అత్త ఆ గిన్నెలన్నీ బండిలో వేసుకెళ్ళి మా పెరట్లో పందుల తొట్టిలో బోర్లించింది. గిన్నెలు మాత్రం కడిగి ఎవరివి వాళ్ళకు ఇచ్చేసింది.

తరవాత ఫెన్ దగ్గరకు వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను.

"ఆంబ్రోస్, అది ఎమ్మెట్ జుట్టని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇచ్చెయ్యి నాయనా. ఆ పిల్లకి ఇంకేం లేదు."

"తెలిస్తే ఏం చెయ్యమంటావత్తా?" అన్నాడు గాజు తుడుస్తూ. "పెట్రోలు పోసేవాడి వెంట్రుకలు చూస్తూ ఎవడైనా సోడా తాగుతాడా? ఊరికి పేరొచ్చింది, నాలుగు కార్లు ఆగుతున్నాయి. చెడగొట్టకు."

చూశారా, పొరపాటైతే క్షమించవచ్చు. తెలిసి తెలిసి ఆ అట్టముక్క అలాగే ఉంచాడు. ఊళ్ళో మిగతావాళ్ళదీ అదే తీరు. బైటివాళ్ళు పట్టుకుపోయినవి ఎలాగూ పోయాయి. ఊళ్ళో గుండీలున్నవాళ్ళను అడిగితే, మాది అసలైన సోగ్గాడిదే అని గుండె మీద చెయ్యి వేసుకున్నారు. తమతో కలిసి తిరిగిన మంచివాడి గుండీ కంటే, వాణ్ణి చంపినవాడి గుండీ వీళ్ళకు ముద్దు. తుపుక్కున ఉమ్మాలనిపించేది.

లియోటా కూడా ఒక్కసారి వెళ్ళింది, చంటిపిల్లను ఎత్తుకుని. ఫెన్ ఆమెను కూర్చోబెట్టి సోడా ఇచ్చాడట, ఉచితంగా. ఆ గాజు పెట్టె ముందే. ఆమె తాగకుండా లేచి వచ్చేసింది. ఆ పిల్ల పేరు ఓపల్. పెరిగి పెద్దదై బడి నించి ఇంటికి వచ్చేదారిలో రోజూ ఆ కొట్టు ముందు నించే నడిచేది. తన తండ్రి జుట్టు లోపల ఉందని తల్లి దానికి చెప్పలేదు. చెబితే లోపలికి వెళ్ళి చూస్తుందని భయం.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది ఆంబ్రోస్ ఫెన్ గుండె ఆగి పోయాడు. బిగ్స్ కొట్టుకే తెచ్చారు. వాడి పెళ్ళాం గాజు పెట్టె ఒళ్ళో పెట్టుకుని వచ్చింది.

"ఇది ఆయన ప్రాణం అత్తా. ఎక్కడున్నా తన వెంటే ఉండాలన్నాడు. కోటు పైజేబులో పెట్టు. కుచ్చు కాస్త పైకి కనబడేలా పెట్టు, వచ్చినవాళ్ళు చూస్తారు" అంది.

"అలాగేనమ్మా" అంది ఓర్ఫా అత్త.

ఫెన్‌ను కడిగింది. వాడితోనూ మర్యాదగానే మాట్లాడింది. "చెయ్యి వదులు ఆంబ్రోస్. ఇక పట్టుకోవాల్సిందేం లేదు." జేబులో ఆ కుచ్చు పెట్టి, దూరం జరిగి చాలాసేపు చూసింది. తరవాత నా దగ్గరకు వచ్చింది. నేను సోఫా విప్పి కూర్చున్నాను.

"అందులో ఏం కూరుతున్నావే?"

"గుర్రం వెంట్రుకలు. ఎప్పుడూ కూరేవేగా."

"ఎర్రగుర్రానివేమైనా ఉన్నాయా?"

ఆమె మొహం చూశాక నేనింకేమీ అడగలేదు. గోతంలో వెతికి మంచి నిగనిగలాడే తోక వెంట్రుకలు తీసి, కత్తిరించి, దారంతో కట్టి ఇచ్చాను. పోయిన ముసలామె ముడిలో తలపిన్ను గుచ్చి వచ్చిన వేళ్ళు ఆమెవి. ఫెన్ జేబులో ఇది పెట్టి, ఎమ్మెట్ జుట్టు తీసుకుంది.

చర్చిలో ఫెన్ పెట్టె చుట్టూ తిరనాళ్ళే. మొహం వంక ఒక్క చూపు, జేబు వంక నాలుగు చూపులు. టోపీలు తీసి వంగి వంగి చూశారు. "ఆహా, మనిషి పోయినా ఆ మెరుపు పోలేదు చూడు" అన్నాడు బిగ్స్. నేను నవ్వు ఆపుకోలేక రుమాలు నోట్లో కుక్కుకున్నాను, ఏడుస్తున్నాననుకున్నారు. ఆఖరికి మూత వేసేవేళకు చూస్తే జేబు ఖాళీ. వరసలో ఎవరో కొట్టేశారు. ఎవరో గానీ, ఆ గుర్రం తోక ఈనాటికీ ఎవరింట్లోనో భద్రంగా ఉండి ఉంటుంది.

ఆ సాయంత్రం లియోటా ఇంటికి వెళ్ళాం. ఓర్ఫా అత్త రుమాలు విప్పి బల్ల మీద పెట్టింది. లియోటా ముట్టుకోకుండా చూసింది. తరవాత ఓపల్‌ను పిలిచి, వెనక్కి తిప్పి నిలబెట్టి, దాని జడ పక్కన ఆ కుచ్చు పెట్టింది. ఏది ఎవరిదో తెలియలేదు. ఒకటే రాగి.

"ఏంటమ్మా అది?" అంది పిల్ల.

"మీ నాన్నే" అంది లియోటా.

తిరిగి వస్తుంటే నేను ఉబ్బి తబ్బిబ్బవుతూ, "ఇన్నేళ్ళకి నీ మాట నిలబెట్టుకున్నావత్తా" అన్నాను.

"పండగ చేసుకోకే. నేనూ శవం జేబు కొట్టాను. వాళ్ళకీ నాకూ తేడా ఏముంది ఇక?" అంది.

నేనెంత చెప్పినా వినలేదు. ఆ మర్నాటి నించి ఎవరు పిలిచినా వెళ్ళలేదు. తన చేతులు ఇక ఆ పనికి పనికిరావంది. ఊళ్ళో ఉన్న అన్ని చేతుల్లోనూ ఆ రెండే శుభ్రమైనవని నాకు తెలుసు. ఆమెకు మాత్రం తెలియలేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఫెన్ మీద కంటే ఎక్కువ ఒళ్ళు మండుతుంది ఊరి మీద.

మొన్న చలికాలంలో ఓర్ఫా అత్త పోయింది. ఆమె ఇంట్లోనే, నేనే కడిగాను. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయో లేదో చూసుకుని, ఉలిక్కిపడకు అత్తా అని చెప్పి మరీ కడిగాను. లియోటా తల దువ్వింది. ఓపల్ పక్కనే నిలబడింది. ఇప్పుడు పెళ్ళి చేసుకుని పక్క ఊళ్ళో ఉంటోంది.

పని మధ్యలో ఎవరో తలుపు కొట్టారు. తీస్తే బిగ్స్ కొడుకు. ఊళ్ళో ఇకనించీ డెల్ మార్కమ్ పేరు మీద ఏటేటా పండగ చేస్తారట, ఒక గదిలో వాడి సామాన్లు పెడతారట.

"ముసలామె వాడి శవాన్ని కడిగిందట కదా. ఆ రోజు వాడిన దువ్వెన గానీ, గుడ్డ గానీ ఏమైనా వదిలిపోయిందేమోనని..."

"మీ నాన్న కొట్లో ఒక గోతం ఉండేది చూడు, అందులో వెతుక్కో" అని వాడి మొహాన తలుపు వేశాను. గడియ పెట్టాను. కుర్చీ కూడా అడ్డం పెట్టాను.

ఓర్ఫా అత్తకు పిల్లలు లేరు, జుట్టు పాయ తీసుకునే ఇంటి ఆడది లేదు. లియోటా గుడ్డలో చుట్టిన కత్తెర తీసింది. ఎమ్మెట్ దగ్గరకు తెచ్చి, వాడకుండా వెనక్కి తీసుకెళ్ళిన కత్తెర అది. కూతురి చేతికిచ్చింది. ఓపల్ తన రాగి జడ వెనక్కి వేసుకుని, వంగి, ఆ తెల్లజుట్టులో ఒక పాయ కత్తిరించుకుంది.